నాలుగింటికి కొండ మీద ఉండకండి

(విజయనగరంలో, దీపావళికి ముందు ఒక ఆదివారం సాయంత్రం, కొండలు తిరిగే కుర్రకారు కోసం పెట్టుకున్న చిన్న సభలో మాట్లాడింది. రికార్డింగు విని రాసుకున్నాం. మాట తీరు మార్చలేదు, మరీ తెగిపోయిన వాక్యాలు మాత్రం కలిపాం.)

వెనకాల కూర్చున్నవాళ్లకి వినబడుతోందా? ఆ మూల ఫ్యాన్ ఒకటి ఆపెయ్యి నాన్నా, అది మాట్లాడుతుంటే నేను మాట్లాడలేను. (నవ్వులు) సరే.

నన్ను పిలిచినవాళ్లు పోస్టరు మీద ‘శరత్కాలంలో కొండ నడక’ అని అందంగా వేశారు. అందం గురించి మీకు నేను చెప్పక్కర్లేదు, మీ ఫోన్ల నిండా అదే ఉంది. సిరిమానోత్సవం అయిపోయింది, వానలు తగ్గుముఖం పట్టాయి, దీపావళి వెళ్తే కార్తీకం, వనభోజనాలు, ఇక ప్రతి ఆదివారం ఎవరో ఒకరు కొండ అంచున రెండు చేతులూ చాపి నిలబడ్డ ఫొటో పెడతారు, దాని కింద అందరూ ‘ఎక్కడ బ్రో, లొకేషన్ పెట్టు బ్రో’ అంటారు. ఆ ఫొటో దాకా ఎలా వెళ్లాలో మీకు తెలుసు. ఫొటో తీశాక ఏం చెయ్యాలో చెబుదామని వచ్చాను. అంటే, దిగడం గురించి.

మెట్లున్న కొండల సంగతి పక్కన పెట్టండి. రామతీర్థంలో బోడికొండకి మెట్లున్నాయి, శృంగవరపుకోట పక్కన పుణ్యగిరికి దారుంది, శివరాత్రికి జనం జాతరగా వెళ్లొస్తారు. నేను మాట్లాడేది శృంగవరపుకోటకి పడమటివైపు లేచే కొండల్లో, బోర్డు లేని, మెట్లు లేని, గూగుల్ మ్యాపులో ఆకుపచ్చ మరక తప్ప ఏమీ కనబడని చోట్ల గురించి. అలాంటి ఒక అంచు నాకిష్టం. అక్కడ నిలబడితే కింద తాటిపూడి రిజర్వాయరు కనబడుతుంది. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా దిగొచ్చిన గోస్తని అక్కడ ఆగి, విశాఖపట్నానికి తాగునీళ్లిచ్చి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ నది కథ సగం ఒక్క చూపులో కనబడుతుంది. పేరేంటని అడగొద్దు, చెప్పను. పేరు చెబితే వచ్చే ఆదివారానికి అక్కడ బీరు సీసాలుంటాయి, అంతే.

ముందు ఒక భ్రమ తీసేద్దాం. శరత్కాలపు అడవి అనగానే మీకు ఇన్‌స్టాలో చూసిన అమెరికా, జపాన్ కొండలు గుర్తొస్తాయి, ఎర్రటి ఆకులు, పసుపు ఆకులు. అక్కడ చలికాలం ముందు పగటి పొద్దు తగ్గుతూ వచ్చేసరికి ఆకులో పచ్చదనం విరిగిపోయి లోపలి రంగులు బయటపడతాయి. మన చెట్లకి ఆ చలి బాధ లేదు. మన దగ్గర ఆకు రాలేది నీళ్లకి కరువొచ్చినప్పుడు, అది ఎండలు ముదిరే ముందు మాట. కొండ మీద ఎరుపు చూడాలంటే మోదుగ పూసేదాకా, కుసుమ చెట్టు ఎర్రగా చిగిర్చేదాకా ఆగాలి. ఆశ్వయుజ కార్తీకాల్లో మన అడవి ఏడాది మొత్తమ్మీద చిక్కగా ఉంటుంది. గెడ్డల, అంటే కొండవాగుల పక్కన రెల్లు తెల్లగా పూసి ఉంటుంది, మెట్టల మీద తంగేడు, పైన మనిషెత్తు గడ్డి. అంటే ఏటన్నమాట? అంచు మీంచి చూడ్డానికి ఇంతకంటే మంచి కాలం లేదు, గాలిని వాన కడిగేసి ఉంటుంది, వేసవిలో ఉండే మసక ఉండదు, అదృష్టం బాగుంటే తూర్పున సముద్రం సన్నటి గీతగా తెలుస్తుంది. ఆ అంచుకి నడవడానికి మాత్రం ఇంతకంటే చెడ్డ కాలం లేదు. అడుగు ఎక్కడ వేస్తున్నామో కనబడదు, పది గజాల అవతల ముందువాడు కనబడడు. రెండూ ఒకేసారి వస్తాయి, విడదీయలేం.

ఇంకో మెలిక కూడా ఉంది. 2013 అక్టోబరు 12 ఫైలిన్. 2014 అక్టోబరు 12 హుద్‌హుద్. 2018 అక్టోబరు 11 తిత్లీ. తేదీలు విన్నారా? మన జిల్లాల్లో దసరా, దీపావళి రోజుల్లో తుఫాను అనేది కొత్త సంగతి కాదు. బంగాళాఖాతంలో అల్పపీడనం అని వార్త వస్తే ఆ వారం ప్రయాణం కట్టిపెట్టండి, బ్యాగు సర్దేసినా సరే. వాన ఆగిన మర్నాడు ఎండ కాసిందని కూడా బయల్దేరొద్దు. పొద్దున్న చీలమండ దాకా ఉన్న గెడ్డ, పైన ఎక్కడో మీకు కనబడని చోట వాన పడితే, మధ్యాహ్నానికి నడుం దాకా వస్తుంది. అప్పుడు ఇటు ఒడ్డున ఉన్నవాడు ఇటే, అటు ఉన్నవాడు అటే.

సరే, ఇప్పుడు అసలు విషయం.

తూర్పు కనుమలు మనకి పడమట ఉన్నాయి. ఆ అంచులు చాలామటుకు మైదానం వైపు, అంటే తూర్పుకి తిరిగి ఉంటాయి. పొద్దున్న తొమ్మిదింటికి మీరు అక్కడ ఉన్నారనుకోండి, ఎండ ఎదురుగా మొహాన కొడుతుంది, కిందంతా తెల్లగా పాలిపోయి ఉంటుంది, ఫొటోలో ఏమీ రాదు. మధ్యాహ్నం దాటాక పొద్దు మీ వీపు వెనక్కి వెళ్తుంది. వెలుతురు మీ భుజాల మీంచి కిందికి పడుతుంది. రెండున్నర నుంచి బాగుపడుతూ, మూడున్నరకి ఎలా ఉంటుందంటే, పండబోతున్న వరిచేలు ఒక రంగు, ఇంకా పచ్చగా ఉన్నవి ఒక రంగు, చెరువులు తళతళా, తాటిపూడి నీళ్లు నీలంగా, రైలు పట్టాల మెరుపుతో సహా అన్నీ విడివిడిగా కనబడతాయి. అప్పుడు లేవబుద్ధి కాదు. ‘ఇంకో పది నిమిషాలు’ అంటాడు ఒకడు. అందరూ కూర్చుంటారు.

ఇక్కడే వస్తుంది చిక్కు. నవంబరు మొదట్లో మనకి సూర్యాస్తమయం సుమారు 5 గంటల 25 నిమిషాలకి, నెల సగానికొచ్చేసరికి 5:20. మనం తూర్పుకి జరిగి ఉన్నాం కాబట్టి హైదరాబాదు కన్నా దాదాపు 20 నిమిషాలు ముందే పొద్దు పోతుంది. అక్కడ చదువుకుంటూ సెలవులకొచ్చిన పిల్లలకి ఈ తేడా చప్పున తట్టదు. పైగా ఆ 5:25 అనేది చదును నేల లెక్క. మీరు దిగేది తూర్పు వాలు, పొద్దు కొండకి అటువైపు ఉంటుంది. అందుకని నాలుగయ్యేసరికే వాలంతా నీడ, ఐదింటికి చెట్ల కింద రాయికీ వేరుకీ తేడా తెలీదు. దూరంగా మైదానంలో మాత్రం ఇంకా ఎండ పచ్చగా కనబడుతూనే ఉంటుంది. అది చూసి ఇంకా టైముందనుకుంటారు. టైము ఉన్నది కింద పొలంలో ఉన్న రైతుకి, మీకు కాదు.

మరి ఎన్నింటికి వెనక్కి తిరగాలి? దీనికి పాత లెక్క ఒకటుంది. 1892లో విలియం నైస్మిత్ అని స్కాట్లాండ్ కొండల్లో తిరిగే ఆయన చెప్పింది. నడిచే ప్రతి 5 కిలోమీటర్లకి ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకి ఇంకో గంట. మూడు కిలోమీటర్ల దూరం, 450 మీటర్ల ఎత్తు అనుకోండి: 36 నిమిషాలు, 45 నిమిషాలు, కలిపి 81. గంటా ఇరవై. బానే ఉంది కదా? అది బాగా నడిచే మనిషికి, చెప్పుకోదగ్గ అడ్డంకులేమీ లేకుండా, ఎక్కడా ఆగకుండా. మన లాంటానా పొదల్లో అయితే దాన్ని రెండింతలు చెయ్యండి. గుంపులో ఆరుగురుంటే, ఒకడికి చెప్పు తెగుతుంది, ఒకడు రీలు తీస్తాడు, ఇంకా కలపండి. మూడు గంటలు. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఏంటంటే, దిగడానికి అందులో సగం చాలనుకోవడం. మెట్ల మీద సగం చాలు. దారి లేని చోట దిగడానికి కూడా ఆ మూడు గంటలే పెట్టుకోండి, ఎందుకో ఇప్పుడే చెబుతాను.

కాబట్టి ఒంటిగంట. అంచు చేరినా, చేరకపోయినా, ఇంకో పావుగంటలో చేరతామని ఎదురుగా కనబడుతున్నా, ఒంటిగంటకి వెనక్కి. నాలుగింటికి కింద మామిడితోటలో ఉండాలి. ఆ మూడున్నర వెలుతురు మనకి దక్కదు, ముందే ఒప్పేసుకోండి. అదే కావాలంటే అరకు ఘాట్ రోడ్డు మీద వ్యూపాయింట్లు ఉన్నాయి, బండి పక్కన పెట్టుకుని పొద్దు పోయేదాకా చూడొచ్చు, టీ కూడా దొరుకుతుంది. అందులో చిన్నతనం ఏమీ లేదు.

ఇప్పుడు అందరూ మీ కుడిచెయ్యి బోర్లించి, వేళ్లు విడదీసి, తొడ మీద పెట్టుకోండి. సిగ్గుపడకండి, పెట్టండి. మీ చెయ్యే కొండ. మణికట్టు దగ్గర ఉన్నది శిఖరం, వేళ్లు కిందికి దిగిన గట్లు, వేళ్ల మధ్య సందులు లోయలు, ఒక్కో సందులో ఒక గెడ్డ. ఇప్పుడు ఎడమచేతి వేలితో ఏ గోరు దగ్గర మొదలెట్టయినా సరే పైకి నడవండి. ఎక్కడికి చేరారు? మణికట్టుకి. చూపుడువేలు ఎక్కినా, చిటికెనవేలు ఎక్కినా అక్కడికే. ఎక్కేటప్పుడు తప్పుదారి అనేది దాదాపు లేదు, ఎత్తు వైపు నడుస్తూ ఉంటే కొండే మిమ్మల్ని ఒక్క చోటికి తీసుకొచ్చి పడేస్తుంది. అందుకే ఎక్కినవాడికి అంత ధైర్యం. ఇప్పుడు మణికట్టు దగ్గర్నుంచి కిందికి రండి. వచ్చారా? ఎవరు ఏ వేలి మీదకి వచ్చారు? (సభలో నవ్వులు) చూశారా, తలో వేలూ. పైన రెండు అడుగుల తేడా కింద రెండు కిలోమీటర్లయింది. మధ్యలో లోయ. మీ బైకులు చూపుడువేలి దగ్గర, మీరు ఉంగరపు వేలి దగ్గర. సాయంత్రం అయిదింటికి.

నా మాటల్లో ఒక్కటి గుర్తుపెట్టుకుంటే అది గుర్తుపెట్టుకోండి. ఎక్కేటప్పుడు కొండ కలుపుతుంది, దిగేటప్పుడు విడదీస్తుంది. కాబట్టి దిగే దారి కనుక్కోవాల్సింది ఎక్కేటప్పుడే. గట్టు మీంచి ఇంకో గట్టు కలిసిన ప్రతిచోటా ఆగి, పూర్తిగా వెనక్కి తిరిగి, నిలబడి చూడండి. తల తిప్పడం కాదు, ఒళ్లంతా తిప్పి. సాయంత్రం మీ ఎదురుగా ఉండే దృశ్యం అదీ. ముందుకి చూసిన చెట్టు వెనకనుంచి చూస్తే వేరే చెట్టు. ఎవరైనా రంగు గుడ్డపేలికలు కట్టుకుంటూ వెళ్తే మంచిదే, దిగేటప్పుడు విప్పుకుని జేబులో వేసుకోవాలి. చెట్టు బెరడు మీద కత్తిగాట్లు పెట్టేవాళ్లంటే నాకు ఒళ్లు మంట, దాని గురించి ఇంకేం మాట్లాడను.

ఇంకో మాట. దారి తప్పామని తెలిశాక చాలామంది ‘గెడ్డ వెంట దిగితే ఊరొస్తుంది’ అంటారు. నీళ్లు ఊరి దగ్గరికే వెళ్తాయి, నిజమే. కానీ నీళ్లు దూకగలవు, మనం దూకలేం. మన కొండల్లో గెడ్డ మధ్యలో ముప్పై అడుగుల రాతిగోడ మీంచి పడుతుంది, పైనుంచి వచ్చేవాడికి అంచు దాకా తెలీదు, పక్కన నాచు. తప్పామనిపిస్తే కిందికి పోవద్దు. కష్టమైనా సరే, ఆఖరిసారి ఖచ్చితంగా గుర్తుపట్టిన చోటికి పైకే ఎక్కండి. ఒళ్లు ఒప్పుకోదు. అయినా ఎక్కండి.

‘దారి లేని కొండ’ అని ఇందాకటి నుంచీ అంటున్నాను గానీ, అలాంటి కొండ మన దగ్గర నిజానికి లేదు. మనకి దారి లేదంతే. దారపర్తి లాంటి కొండమీది ఊళ్లవాళ్లకి అది రోజూ నడిచే చోటు. కొండదొరలు, జాతాపులు, సవరలు, గదబలు తరతరాలుగా తిరుగుతున్న కొండలివి. డోలీ కట్టి మనుషుల్ని ఆసుపత్రికి మోసుకొచ్చింది కూడా ఈ వాలుల మీదనే. మనకి అడ్వెంచర్ అయినది వాళ్లకి దిక్కులేకపోవడం. ఆ సంగతి బుర్రలో పెట్టుకుని నడవాలి.

ఒకసారి కొండమీది ఊరి పెద్దాయనతో నడిచాను. ఆయన నన్ను ‘బాబూ’ అనేవాడు, నేను ‘బాబాయ్’ అనేవాణ్ణి. గడ్డిలో రెండు సన్నటి బాటలు చీలిన చోట, నా కళ్లకి రెండూ ఒక్కటే, ఆయన నేల చూడలేదు, పైకి చూశాడు. ఒక బాట మీద కొమ్మలు నడుం ఎత్తు దాకానే విరిగి ఉన్నాయి, ఆ పైన అల్లుకుపోయి ఉంది. అది పశువులది. రెండో దాని మీద తలకి మించిన ఎత్తు దాకా ఖాళీ. అది నెత్తిన కట్టెలమోపు పెట్టుకుని నడిచే మనుషులది. పశువుల బాట నీళ్ల దగ్గరికో నీడ దగ్గరికో తీసుకెళ్లి వదిలేస్తుంది, కట్టెల బాట ఊరికి తీసుకెళ్తుంది. నేను ఎన్నో పుస్తకాల్లో చదివిన దానికన్నా ఇది పనికొచ్చింది.

ఆయన దగ్గరే చూసిన ఇంకో సంగతి, సాలెగూళ్లు. ఈ కాలంలో అడవిలో అరచెయ్యంత సాలీడు ఉంటుంది, నల్లటి ఒంటి మీద పసుపు గీతలు, పొడుగు కాళ్లు. చెట్టుకీ చెట్టుకీ మధ్య సరిగ్గా మన మొహం ఎత్తులో గూడు కడుతుంది. ఎండ పడితే ఆ దారం బంగారం రంగులో ఉంటుంది, తెంపితే టప్పున చప్పుడు వినబడేంత గట్టి. మీరు దాన్ని చూసి కెవ్వుమంటారు. ఆయన దాన్ని చూసి ‘పొద్దున్నుంచీ ఈ బాటన ఎవరూ రాలేదు’ అన్నాడు. గూడు చెక్కుచెదరకుండా ఉందంటే మనిషి గానీ గొడ్డు గానీ దాటలేదన్నమాట. ముందు నడిచేవాడు చేతికర్ర నిలువుగా, మొహానికి ముందు పట్టుకోవాలి, సాలీడుని చంపకుండా ఓ పక్కకి తప్పించాలి. ఆ కర్రే గడ్డి తట్టుకోవడానికి కూడా. రక్తపింజర కదలకుండా పడుకునే రకం, మీరు కర్రతో ముందు గడ్డిని తడితే దానికీ మంచిది మీకూ మంచిది. నాగులచవితికి పుట్టలో పాలు పోసి మొక్కి, ఆ మర్నాడే చెప్పుల్లేకుండా గడ్డిలో దిగేవాళ్లుంటారు మనలో. (నవ్వులు)

రాయి గురించి. మన కొండల్లో ఎక్కువగా ఉన్న రాయి పేరు ఖొండలైట్. కోందు గిరిజనుల పేరు మీద పెట్టిన పేరు. కోణార్క గుడి కట్టింది కూడా ఈ రాయితోనే. ఒక ముక్క చేతిలోకి తీసుకుని ఎండలో తిప్పితే ఎర్రటి చిన్న చిన్న గింజలు మెరుస్తాయి, దానిమ్మ గింజ ముక్కలు అతికించినట్టు, అవి గార్నెట్లు. కొండ అంచున వానకీ ఎండకీ నాని, మాగి, ఈ రాయి పొరలుగా ఊడుతుంది. చూడ్డానికి రాయి, పట్టుకుంటే మట్టి. కాబట్టి అంచు దగ్గర చేత్తో పట్టుకుని ఒళ్లు ఆనించే ముందు పిడికిలితో కొట్టి వినండి, గట్టి రాయికి ఒక చప్పుడు, డొల్లకి ఒక చప్పుడు. అంచు నుంచి మీ ఎత్తంత దూరం వెనక కూర్చోండి. అక్కణ్ణుంచి కూడా తాటిపూడి అంతే బాగా కనబడుతుంది, నాదీ పూచీ.

అంచుల్లో ఉండే ఇంకో ప్రమాదం మీరెవరూ అనుకోనిది, పెద్ద తేనెటీగలు. కొండ కొమ్ము కింద చాటంత పట్లు పెడతాయి. మీరు పైన కూర్చుంటారు, అవి మీ కాళ్ల కింద ఉంటాయి, మీకు కనబడవు. రాయి విసిరితే, పొగ పెడితే, సిగరెట్ కాల్చినా, డ్రోన్ ఎగరేసినా లేస్తాయి. సెంటు పూసుకుని రావొద్దని అందుకే చెబుతాను, అమ్మాయిలకే కాదు, మీకు కూడా బాబూ. లేచాయా, చేతులు ఊపకండి, మొహం కప్పుకుని చెట్ల గుబురులోకి పోండి, అంచు వైపు మాత్రం పరిగెత్తొద్దు.

ఎలుగుబంటి సంగతి అడుగుతారని తెలుసు. మన జిల్లాల్లో ఉంది, జీడితోటల్లోకి కూడా వస్తుంది. మాట్లాడుకుంటూ నడిస్తే అదే తప్పుకుంటుంది, దానికి మనం హఠాత్తుగా ఎదురుపడ్డమే నచ్చదు. పార్వతీపురం, సీతంపేట వైపు వెళ్లేవాళ్లకి ఏనుగుల గొడవ ఉంది. ఆ ఊళ్లవాళ్లు ‘ఇవాళ వద్దు’ అంటే వద్దంతే, ఎందుకని వాదించొద్దు.

వీటన్నిటికన్నా నాకు టెన్షన్ పెట్టేది కంటికి కనబడని నల్లి. స్క్రబ్ టైఫస్ అని వినే ఉంటారు. వానల తర్వాత నుంచి చలికాలం దాకా, పొదల్లో, ఎత్తు గడ్డిలో ఉండే ఒక రకం నల్లి పిల్లలు కుడితే వస్తుంది. కుట్టినప్పుడు నొప్పి తెలీదు. వారం పది రోజులయ్యాక జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు. అప్పటికి మీరు కొండ సంగతే మర్చిపోయి ఉంటారు, డాక్టరు దగ్గర ఆ మాట చెప్పరు, ఆయన మామూలు జ్వరం అనుకుంటాడు. చాలామందికి కుట్టిన చోట నల్లటి పెచ్చు కడుతుంది, సిగరెట్టుతో కాల్చినట్టు ఉంటుంది, అది చంకలోనో, గజ్జల్లోనో, నడుం పట్టీ కిందో ఉంటుంది, వెతికితేనే కనబడుతుంది. డాక్సీసైక్లిన్ అనే మామూలు మందుకి తగ్గిపోతుంది, ఆలస్యమైతే ప్రాణం మీదకొస్తుంది. కాబట్టి పూర్తి చేతుల చొక్కా, ప్యాంటు సాక్సులోకి దోపుకోవడం, గడ్డిలో నేరుగా పడుకోకుండా ఏదైనా పరుచుకోవడం, ఇంటికొచ్చి వేడినీళ్లతో ఒళ్లు రుద్దుకుని బట్టలు నానబెట్టడం. రెండు మూడు వారాల్లోపు జ్వరమొస్తే ‘నేను కొండకెళ్లాను సార్’ అని మొదటి మాటగా చెప్పండి. మందు మాత్రం సొంతంగా వేసుకోకండి.

ఫోను గురించి త్వరగా చెప్పేస్తాను. సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది, చాలామందికి ఇది తెలీక ‘నెట్ పోయింది, మ్యాపు పోయింది’ అంటారు. ఇంట్లోనే మ్యాపు దింపుకుని, ఎక్కడం మొదలెట్టిన చోట నుంచి ట్రాక్ రికార్డు పెట్టుకుని, ఏరోప్లేన్ మోడ్‌లో పెడితే బ్యాటరీ సాయంత్రం దాకా వస్తుంది. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల టోపో షీట్లు, అంటే నేల ఎత్తుపల్లాలు చూపే మ్యాపులు ఉన్నాయి, ఆన్‌లైన్‌లో దింపుకోవచ్చు, ఒక సెంటీమీటరుకి అర కిలోమీటరు, ఎత్తు గీతలు ఇరవై మీటర్లకొకటి. గీతలు దగ్గరదగ్గరగా ఉంటే నిటారు, దూరంగా ఉంటే చదును. ఇందాక చెయ్యి బోర్లించారు కదా, ఆ వేళ్లు ఆ గీతల్లో కనబడేదాకా ఇంట్లో కూర్చుని చూడండి, అప్పుడు బయల్దేరండి. గుబురు చెట్ల కింద, ఇరుకు లోయలో జీపీఎస్ చుక్క అటూ ఇటూ గెంతుతుంది, దాన్ని చూసి కంగారుపడి దారి మార్చకండి. ఒక ఈల జేబులో వేసుకోండి, మూడుసార్లు ఊదితే సాయం కావాలని అర్థం. టార్చి వేరేగా ఉండాలి, ఫోను టార్చి లెక్కలోకి రాదు.

అనుమతి. ఈ మాట అనగానే కుర్రాళ్ల మొహాలు మారిపోతాయి. రిజర్వు ఫారెస్టులోకి అనుమతి లేకుండా వెళ్లడం ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం, 1967 ప్రకారం నేరం. ముందు ఫారెస్టు రేంజి ఆఫీసులో అడగండి. ఆ తర్వాత కింది ఊళ్లో అడగండి, నా మటుకు ఈ రెండోదే ముఖ్యం. ఒక మనిషిని వెంట తీసుకెళ్లండి, ఆ రోజు కూలీ కన్నా ఎక్కువే ఇవ్వండి, బేరమాడకండి. మీకు అడవిలా కనబడేది ఎవరిదో పోడు చేను అయి ఉంటుంది, ఆ గడ్డిలా ఉన్నది చోళ్లో సామలో అయి ఉంటుంది. సీతాఫలాలు ఇప్పుడే పక్వానికొస్తాయి, చెట్టు నిండా ఉంటాయి, చుట్టూ కంచె ఉండదు. కంచె లేనంత మాత్రాన ఎవరిదీ కాదనుకోకండి, వాళ్లకి ఈ నెల రోజుల డబ్బులు అవే. అడిగితే ఊరికే ఇస్తారు కూడా. చెట్టు కింద పసుపు పూసిన రాళ్లుంటే వాటి మీద కూర్చుని ఇడ్లీలు తినకండి. చెప్పాలా ఇది? చెప్పాల్సి వస్తోంది.

సరే, ప్రశ్నలుంటే అడగండి.

(ఒక యువకుడు: షూ ఏవి కొనాలి సార్? ఆన్‌లైన్‌లో ఐదారు వేలు ఉన్నాయి.)

అయిదువేలు పెట్టి కొత్తవి కొని ఆ ఆదివారమే ఎక్కకు, బొబ్బలొస్తాయి. కింద గాడులు లోతుగా ఉన్నవి, మడమ కదలనివి, ఇప్పటికే నీ కాలికి అలవాటైనవి ఏవైనా చాలు. దిగేటప్పుడు బొటనవేలు ముందుకి గుద్దుకుంటే ఆ షూ పనికిరాదు. గోళ్లు ముందురోజు రాత్రే కత్తిరించుకో. ఇది ఎవడూ చెప్పడు, దిగేటప్పుడు తెలుస్తుంది.

(ఒక పెద్దాయన: తినడానికి ఏం తీసుకెళ్లమంటారు?)

మీరేం తినేవారండీ ఆ రోజుల్లో, చోడి అంబలేనా? (నవ్వులు) అది ఇప్పటికీ మంచిదే. పులిహోర పాడవదు. వేరుశనగలు, బెల్లం జేబులో. నీళ్లు మనిషికి మూడు లీటర్లు, ఒకడు మోస్తాడులే అనుకోకుండా ఎవరివి వాళ్లు. గెడ్డ నీళ్లు తాగొద్దు, పైన పశువులు ఉంటాయి.

(ఒక అమ్మాయి: మేం నలుగురం అమ్మాయిలమే వెళ్దామనుకుంటున్నాం సార్, ఇంట్లో ఒప్పుకోవట్లేదు.)

ఇంట్లోవాళ్లు భయపడేది మీరు ఎటు వెళ్తున్నారో తెలీక, తల్లీ. ఒక కాగితం మీద రాసి ఇవ్వు. ఏ ఊరి దగ్గర బండి దిగుతున్నారు, వెంట వస్తున్నది ఎవరు, ఆ మనిషి ఫోను నంబరు, ఏ గట్టు మీదుగా ఎక్కుతున్నారు, ఎన్నింటికి వెనక్కి తిరుగుతారు, ఎన్నింటికి ఫోను రాకపోతే ఎవరికి చెప్పాలి. ఆ కాగితం మీ అన్నయ్యలు కూడా రాసి వెళ్లాలి, మగపిల్లలు ఎవరూ రాయరు, వాళ్ల కోసమే 112కి ఎక్కువ ఫోన్లు చెయ్యాల్సొస్తుంది. కొండమీది ఊళ్లో ఆడవాళ్లనే వెంట రమ్మని అడగండి, కట్టెల బాటలు వాళ్లకి మగవాళ్ల కన్నా బాగా తెలుసు. ఇంకోటి, మొదటిసారే అంచు దాకా పోవాలని పెట్టుకోకండి. సగం దాకా వెళ్లి, దిగి రండి. దిగింది అదే గట్టు మీంచా కాదా అని చూసుకోండి. అదే అయితే వచ్చే ఆదివారం ఇంకాస్త పైకి.

(అదే అమ్మాయి: మీరు చెప్పిన ఆ అంచు మాకైనా చెప్పొచ్చు కదా సార్?)

చెప్పను. (నవ్వులు) మ్యాపులో తాటిపూడి కనబడుతుంది, దాని పడమట గీతలు దగ్గరపడి, ఒక్కసారిగా దూరమైన చోట్లు నాలుగైదు ఉన్నాయి. వెతుక్కో.